బూట్లకు బొట్టు పెట్టిన రోజు

పిల్లల చేత నడక సాధన చేయించే రోబో తమ కేంద్రానికి కూడా వచ్చిందని, అది ఊరికే ఆగిపోతోందని, ఏం చేయాలో చెప్పమని ఈమధ్య ఒకరిద్దరు కొత్త ఫిజియోథెరపిస్టులు నాకు ఫోన్ చేశారు. సంతోషం. తిరువళ్ళూరులో మా కేంద్రానికి ఆ యంత్రం వచ్చినప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తున్న నన్ను ఒక్కరూ అడగలేదు. రిటైరై తిరుత్తణిలో ఇంట్లో కూర్చున్నాక అడుగుతున్నారు. చెబుతాను. అయితే మొదటినుంచీ చెబుతాను. మధ్యలో నన్ను ఎవరెవరు ఏమేమన్నారో కూడా చెబుతాను. అవి వదిలేసి యంత్రం సంగతి ఒక్కటే చెప్పమంటే నా వల్ల కాదు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో మెదడు ఇచ్చే ఆజ్ఞ కండరానికి సరిగ్గా అందదు. కాళ్ళు బిగుసుకుపోతాయి, మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి, మడమ నేలకు ఆనదు. మా కేంద్రంలో అందుకు రెండు ఇనుప కమ్మీలు ఉండేవి. వాటి మధ్య పిల్ల, పిల్ల వెనక మోకాళ్ళ మీద నేను. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ నేను చూసిన లోకం చాలావరకు పిల్లల మడమలే.

తర్వాత రోబో వచ్చింది. కింద కదిలే పట్టీ, పైనుంచి పిల్ల బరువు మోసే జాకెట్టు, రెండు వైపులా తొడకీ పిక్కకీ కట్టే ఇనుప కాళ్ళు, ఎదురుగా బొమ్మలాట తెర. యంత్రం కాళ్ళను ఆడిస్తుంది. పిల్ల తనంతట తాను తోసిన కొద్దీ తెరమీది బొమ్మ ముందుకు పోతుంది. దాన్ని పెట్టడానికి పెద్ద గది కావలసి వచ్చింది. పెద్ద గది నాది. నా కమ్మీలూ నా కుర్చీ వసారాలోకి, తాగునీళ్ళ డబ్బా పక్కకు వచ్చాయి.

ప్రారంభోత్సవం రోజున నన్ను కూడా పిలిచారు. రిబ్బను ఒక కొస పట్టుకుని నిలబడమన్నారు. రెండో కొస తలుపు గడియకు కట్టారు. అంటే ఆ కేంద్రంలో గడియా నేనూ సమానమన్నమాట.

యంత్రం నడపడం నేర్చుకోవడానికి మద్రాసుకు కుర్ర థెరపిస్టును పంపారు. మంచివాడే. తెలుగిళ్ళ పిల్లాడే కానీ తెలుగు చదవలేడు. మా ఇద్దరికీ పేచీ వచ్చినప్పుడల్లా తమిళంలోకి పారిపోయేవాడు. నన్నెందుకు పంపలేదని అడిగితే మా పెద్ద డాక్టరు గారు నవ్వి, "రిటైర్మెంట్ దగ్గర పడింది కదమ్మా, మీకెందుకీ శ్రమ?" అన్నారు. నా శ్రమ గురించి ఆయన అంతగా ఆలోచించడం అదే మొదటిసారి.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా తిరుత్తణిలో ఇత్తడి సామాన్ల కొట్టు వాళ్ళ మనవరాలు. రెండు కాళ్ళూ బిగుసుకునే రకం. బుర్ర చురుకు, నోరు అంతకంటే చురుకు. అవ్వా, మేనమామా ఆ పిల్లను రైల్లో తిరువళ్ళూరు తెచ్చేవాళ్ళు. ఇంటినుంచి స్టేషనుకూ, స్టేషన్నుంచి కేంద్రానికీ మామ భుజం మీదే. వీధిలో పిల్లలు "కావడి పోతాంది రోయ్" అని అరిచేవాళ్ళట. మురుగన్ కొండ కింద పుట్టిన పిల్లలకు అంతకంటే మంచి ఎగతాళి ఎక్కడ దొరుకుతుంది?

ఒకసారి కమ్మీల మధ్య నిలబెట్టి అడిగాను. "నడక వస్తే ముందు యాడికి పోతావే?"

"మామ భుజం మీదనుంచి దిగతా అత్తా. దిగినాక యాడికైనా పోతా."

యంత్రం మీద నాకెంత కోపమున్నా ఉన్నమాట చెప్పాలి. ఆ పిల్లకు అది పని చేసింది. ఊరికే అది నడిపించుకుపోతే ఏమీ రాదు. కానీ ఈ పిల్ల తెరమీది బొమ్మను వదిలేది కాదు, పళ్ళు బిగించి తోసేది. అక్కడినుంచి దించి నా కమ్మీల్లోకి తెస్తే మోకాళ్ళు విడిపడి వచ్చేవి. నేను వసారాలో నీళ్ళ డబ్బా పక్కన కూర్చుని అది చూశాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అంతలో ఆయుధపూజ వచ్చింది. మా ఆయమ్మ, అంటే పిల్లలను ఎత్తి దించే సహాయకురాలు, రోబోకు కొత్త లారీకి చేసినట్టు చేసింది. ఇనుప కాళ్ళకు గంధం, కుంకుమ. నాలుగు మూలలా నిమ్మకాయలు. బొమ్మలాట తెర పైన కొండ మీదనుంచి తెచ్చిన సుబ్రహ్మణ్యస్వామి పటం, ఇద్దరమ్మలతో సహా. పటానికి పూలమాల. పెద్ద డాక్టరు గారు హారతి తీసుకుని, "చాలా బాగుంది" అన్నారు. నా కమ్మీలకు నేనే బొట్టు పెట్టుకున్నాను.

సెలవుల తర్వాత యంత్రం మొండికేసింది. పిల్లను కట్టగానే కొంచెం దూరం నడిపించి కూతపెట్టి ఆగిపోవడం, ఎర్ర దీపం. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ కూత. కుర్రవాడు విదేశంలోని కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఆపి మళ్ళీ వేయమన్నాడు, వేశాడు. స్టెబిలైజర్ మార్చమన్నాడు, మార్చారు. ఎర్తింగు చూడమన్నాడు, నేల తవ్వారు, ఆ మట్టి తెచ్చి నా కమ్మీల మధ్య పోశారు.

నాకు మాత్రం కారణం మొదటి రోజే తెలిసింది. అందులో గొప్పతనం లేదు. పిల్లల బూట్లన్నీ వసారాలో నా కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి.

అర్థమైంది కదా? యంత్రం మీద సామి ఉన్నాడు. సామి ముందుకు బూట్లతో ఎవరు పోతారు? తల్లులు, అవ్వలు, గడప దగ్గరే పిల్లల బూట్లు విప్పేసి లోపలికి తీసుకుపోతున్నారు. మామూలు బూట్లు కావవి. మడమ నిలబడడానికి లోపల గట్టి అచ్చు వేసిన బూట్లు. యంత్రంలో పాదం ముందు భాగాన్ని ఎత్తిపట్టే పట్టీ బూటుకే తగిలించాలి. వట్టి సాక్సుకు తగిలిస్తే జారిపోతుంది, వేళ్ళు కింద కదిలే పట్టీకి ఈడ్చుకుంటాయి, పిల్లకు దెబ్బ తగులుతుందని యంత్రం ఆగుతుంది. పాపం, అది బుద్ధిగా తన పని తాను చేస్తోంది. ఆ ఇంజనీరు ఫోన్లో వెయ్యి సంగతులు అడిగాడు కానీ బూట్లున్నాయా అని మాత్రం అడగలేదు. వాళ్ళ దేశంలో ఎవరూ యంత్రానికి దండం పెట్టి ఎక్కరు కాబోలు.

కుర్రవాడు అభ్యంతరం చెప్పలేదా అంటే, చెప్పబోయాడు. ఇత్తడి కొట్టు అవ్వ ఎదురైంది.

"ఏం నాయనా, మీ ఇంట్లో దేవుడి గూటికాడికి బూట్లేసుకొనే పోతావా?"

"లేదు పాటీ" అన్నాడు వాడు, అవ్వను తమిళంలో పిలుస్తూ.

"మరి మా పాపను మాత్రం ఎట్ల ఎక్కమంటావు?"

"సాక్సు వేస్తే చాలు పాటీ" అన్నాడు వాడు. అంతే, ఆ మాట శాసనమైంది.

నేను వాణ్ణి పిలిచి బూట్ల వరుస చూపించాను. "ఇవన్నీ ఈడ ఉంటే లోపల నువ్వు ఎవుర్ని నడిపిస్తాండావు?"

"లేదు మేడం, కంపెనీవాళ్ళు సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అంటాండారు."

"సాఫ్ట్‌వేర్ కాదు నాయనా, ఫుట్‌వేర్."

"అప్డేట్ వస్తుందంట మేడం. పాత్తుక్కలాం" అని, అంటే చూసుకుందామని, తమిళంలోకి దూకి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ చెప్పలేదనుకోకండి. పెద్ద డాక్టరు గారికీ చెప్పాను. ఆయన ఫోన్లో ఉండి, చేత్తో కూర్చోమని సైగ చేశారు. ఆ గదిలో రెండో కుర్చీ లేదు.

ఇంతలో యంత్రం ఇచ్చిన దాతలకు సంగతి తెలిసింది. మీ ఊళ్ళో అది నడవకపోతే మద్రాసులో ఇంకో కేంద్రానికి ఇస్తామని, వచ్చి చూసి తేలుస్తామని కబురు పెట్టారు. మంగళవారం వస్తామన్నారు.

ఆ కబురు ఆయమ్మ నోటినుంచి వసారాలోకి వచ్చేటప్పటికి ఇత్తడి కొట్టు పిల్ల నా కమ్మీల మధ్య ఉంది. మద్రాసు వెళ్ళడం ఆ ఇంటివాళ్ళకు కుదరదు. కొట్టు మూసి మామ అంత దూరం రాలేడు, అవ్వ ఒక్కతే పిల్లను ఎత్తలేదు. పిల్ల కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"మిషను పోతే నేను మళ్ళా మామ మీద ఎక్కాల్నా అత్తా?"

"నా కమ్మీలు ఉండాయి గదే."

"కమ్మీలు ఈడనే ఉండాయి. నాకు తోసేది దాంట్లో గదా తెలిసింది" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. పిల్లలు అబద్ధం చెప్పరని అందరూ మెచ్చుకుంటారు కానీ అదేమంత మంచి అలవాటు కాదు. అయినా ఆ సాయంత్రం పిలవకుండానే డాక్టరు గారి గదికి వెళ్ళి, తలుపు మూసి, నిలబడే చెప్పాను.

ఈసారి విన్నారు. విని, "ఇంత చిన్న సంగతి, ముందే చెప్పి ఉండవచ్చు కదమ్మా!" అన్నారు.

ఈ వాక్యాన్ని నేను ఇప్పటికీ ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకెళుతుంటాను.

సరే, పటం తీసి గోడకు తగిలిస్తే సరిపోతుందని తేల్చారు. అందరం రోబో ముందు నిలబడ్డాం. ఎవరు తీయాలి?

"పెట్టిన చేత్తో తీయగూడదు సార్" అంది ఆయమ్మ, చేతులు కొంగులో దాచుకుని.

కుర్రవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా వైఫుకి ఇప్పుడు ఏడో నెల సార్. డెలివరీ అయినాక తీస్తా."

"నాకు ఇలాంటి నమ్మకాలు లేవు" అన్నారు డాక్టరు గారు. "అందుకే నేను తీస్తే బాగుండదు. కావాలని తీశాడంటారు."

ముగ్గురూ నా వైపు చూశారు. నేను తిరుత్తణిదాన్ని. రోజూ పొద్దున ఆ కొండను చూస్తూ రైలెక్కాలి, సాయంత్రం ఆ కొండను చూస్తూ దిగాలి. నేను గోడవైపు చూశాను.

అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. ఇది నా ఆలోచన అని ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత అది ఇంకొకరి పేరు మీదికి పోయింది. ఆయుధపూజకు కత్తెరకు బొట్టు పెడతాం, స్పానరుకు పెడతాం, కుట్టుమిషనుకు పెడతాం. నడవలేని పిల్లకు బూటు పనిముట్టు కాదా? పిల్లకొకటి చొప్పున రోడ్డు తొక్కని కొత్త జత యంత్రానికే వేరుగా ఉంచుదాం. పసుపునీళ్ళు చల్లి, పూజ చేసి, ఇక్కడే పెడదాం. అప్పుడవి చెప్పులు కావు, యంత్రంలో భాగం.

"భేష్" అంది ఆయమ్మ. జీవితంలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే కాబట్టి గుర్తుంది.

మంగళవారం పొద్దున ఆయమ్మా నేనూ కలిసి, ఇత్తడి కొట్టు పిల్ల కొలతకు తెప్పించిన కొత్త బూట్లకు నిండుగా పూజ చేశాం. గంధం, కుంకుమ, పైన ఒక్కో చామంతి. చూస్తే పెళ్ళికి పోతున్నట్టున్నాయి. దాతలు వచ్చే వేళకు ఇత్తడి కొట్టు పిల్లను జాకెట్టులో కట్టి పైకెత్తాం. కదిలే పట్టీకి జానెడు ఎత్తున బూట్లు లేని పాదాలు వేలాడుతున్నాయి. నేను బూట్లు పళ్ళెంలో తెచ్చాను.

అవ్వ పళ్ళెంలోకి చూసింది. "ఇదేంది మే?"

"పూజ చేసిన బూట్లు పెద్దమ్మా. రోడ్డు తొక్కినవి కావు. ఇంక నీకు తప్పు లేదు గదా?"

"బొట్టు పెట్టినారా దీనికి?"

"పెట్టినాము."

"బొట్టు పెట్టినదాంట్లో కాలు పెట్టమంటావా పాపను?" అవ్వ గొంతు లేచింది. "నిన్నటి దాకా అది బూటు. ఇప్పుడు అది సామి సొత్తు. తిరుత్తణిలో పుట్టినదానివి, నీకెవురు చెప్పినారు ఈ తెలివి?"

ఆయమ్మ నా వైపు చూపించింది. భేష్ అన్న మనిషే.

"తుడిచేస్తాలే పెద్దమ్మా" అన్నాను.

"బొట్టు తుడుస్తావా? మంగళవారం పొద్దు? సామి ముందర?"

బయట కారు తలుపులు మూసిన చప్పుడు. పెద్ద డాక్టరు గారు అతిథికి కప్పడానికి జరీ శాలువా, నిమ్మకాయ ఉన్న తట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏమైంది? ఏమైంది?" అంటున్నారు. కుర్రవాడు తమిళంలో అవ్వను బతిమాలుతున్నాడు. అవ్వ తెలుగులో కుదరదంటోంది. నేను నా తప్పేమీ లేదని రెండు భాషల్లోనూ చెబుతున్నాను.

అప్పుడు పైనుంచి, జాకెట్టులో వేలాడుతూ, ఆ పిల్ల అంది. "అవ్వా, కొండ మీద సామికి అలంకారం చేసేటప్పుడు తెర ఏస్తారు గదా."

"ఏస్తారు. ఇప్పుడెందుకే అది?"

"తెర ఏసినప్పుడు నువ్వు ఆడనే కాళ్ళు సాపుకొని కూచుంటావు గదా. మా అమ్మను తిడతావు గదా. సామి ముందర తిట్టొచ్చా అంటే, తెర ఏసుండారు, ఇప్పుడు ఆయన సూడడు అంటావు గదా."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ధైర్యం చాలలేదు. అవ్వ ముఖం కుంకుమలా అయింది.

"అయితే తెర ఎయ్యండి" అంది పిల్ల. "నేను పోవాల. ఎయ్యండి బిన్నా, పొద్దు పోతాంది."

అవ్వ కాసేపు మనవరాలి వేలాడే పాదాలను చూసింది. తర్వాత మా మీద పడింది. "ఏం, నా మొగం సూస్తాండారేంది? ఏసేది ఏయండి!"

వేయడానికి గుడ్డ ఏదీ? ఆయమ్మ డాక్టరు గారి తట్టలోంచి జరీ శాలువా లాగి, స్టూలెక్కి, బ్యాండేజి ప్లాస్టరుతో పటం ముందు అతికించేసింది. డాక్టరు గారు నోరు తెరిచారు కానీ అప్పటికే మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు ఇక్కడ కాస్త చూసుకోండి. బిగుసుకున్న పాదాన్ని బూటులోకి తోయకూడదు. తోస్తే ఇంకా బిగుసుకుంటుంది. మోకాలు మడవాలి, తుంటి దగ్గర మడవాలి, చెయ్యి వేసి ఊరికే ఉండాలి. తొందర లేనట్టు ఉండాలి. గుమ్మంలో అతిథులున్నా సరే. కాసేపటికి వేళ్ళు వదులుతాయి. అప్పుడు మడమ తనంతట తానే లోపల కూర్చుంటుంది. ఒకటి కూర్చుంది. రెండోది కూర్చుంది. చామంతులు కింద రాలాయి. అవ్వ పాదాల వైపు చూడకుండా తెర వైపే చూస్తూ, రెండు చెంపలూ వేసుకుంది.

అతిథి ఒక పెద్దావిడ, వెంట ఇద్దరు. కుర్రవాడు పట్టీలు తగిలించి మీట నొక్కాడు. యంత్రం కదిలింది. అందరం ఎర్ర దీపం వైపు చూస్తున్నాం. అది వెలగలేదు. పిల్ల నడుస్తోంది. గంధం పూసిన బూట్లు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి, పోతున్నాయి.

"ఇది యంత్రం నడకా, పాప నడకా?" అని అడిగింది పెద్దావిడ. మంచి ప్రశ్న. నేను అడగవలసింది.

కుర్రవాడు యంత్రం ఇచ్చే ఊతం తగ్గించాడు. పిల్ల మెడ నరాలు ఉబ్బాయి. కాలు ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. ఇంకొకటి వచ్చింది. తెరమీది బొమ్మ తడబడి మళ్ళీ సాగింది.

"నేను తోస్తాండా అత్తా!" అని అరిచింది పిల్ల. "అది కాదు, నేను!"

అవ్వ ఏడుస్తూ, నన్ను తిడుతూ, ముక్కు తుడుచుకుంది. నన్నెందుకు తిట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దావిడ పైకి చూసి, "ఆ శాలువా వెనక ఏముంది?" అంది. డాక్టరు గారు, "కంట్రోల్ ప్యానెల్" అన్నారు. అదే క్షణంలో ఆయమ్మ, "సామికి అలంకారం జరగతాంది మేడం" అంది. పెద్దావిడ ఇద్దరినీ చూసి, మళ్ళీ పిల్ల పాదాల వైపు తిరిగింది. సత్కారం వేళకు తట్టలో నిమ్మకాయ ఒక్కటే మిగిలింది. డాక్టరు గారు దాన్నే రెండు చేతులతో భక్తిగా ఇచ్చారు.

యంత్రం తిరువళ్ళూరులోనే ఉండిపోయింది. పెద్దావిడ వెళుతూ, స్థానికుల మనసెరిగి పని చేస్తున్నందుకు కుర్రవాడి భుజం తట్టింది. వాడు నా వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు, నిజమే; అంతలో డాక్టరు గారు మాట అందుకుని తమ బృందం గురించి మాట్లాడారు. బృందంలో స్టెబిలైజర్ మార్చినవాడి ప్రస్తావన కూడా వచ్చింది.

శాలువాకు తర్వాత ఉంగరాలు కుట్టి తీగ కట్టాం. బూట్లు వేసుకునే ముందు పిల్లలు ఎవరికి వాళ్ళు చెయ్యి చాపి తెర లాగాలని నేను పద్ధతి పెట్టాను. చెయ్యి పైకెత్తితే నడుము నిలుస్తుంది. అది కూడా సాధనే. ఆ పద్ధతిని ఇప్పుడు కుర్రవాడి పేరుతో పిలుస్తున్నారట. పిలవనివ్వండి.

మీ దగ్గర యంత్రం ఆగిపోతే ముందు గడప బయట చూడండి. నా సలహా అంతే. యంత్రం అద్భుతాలు చేయదు. ఆ పిల్ల ఇప్పటికీ చేతి ఊతం లేకుండా నడవదు. వాకరు పట్టుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, వాకరు చక్రాల కిరకిరతో నడుస్తుంది. ఎన్నేళ్ళయినా అంతే కావచ్చు.

మొన్న ఒక పొద్దున తిరువళ్ళూరులో డాక్టరుకు నా మోకాళ్ళు చూపించుకోవాలని తిరుత్తణి స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద ముందు ఆ పిల్ల వాకరుతో పోతోంది, వెనక మామ ఆ పిల్ల సంచీ మాత్రం ఊపుకుంటూ వస్తున్నాడు. రైలు వచ్చి నిలబడి ఉంది. నేను గోడ పట్టుకుని, "ఆగవే, నేనూ వస్తాండా" అని కేక వేశాను.

తల కూడా తిప్పలేదు. "ఆగితే మళ్ళా మొదలుపెట్టేది కష్టం అత్తా. నువ్వే బిన్నా రా!"

నేను కుంటుకుంటూ పెట్టె ఎక్కేసరికి కిటికీ పక్కన కూర్చుని మామతో ఏదో వాదిస్తోంది. పక్క సీట్లో తన సంచీ పెట్టుకుంది. తిరువళ్ళూరు దాకా నిలబడే వెళ్ళాను.